వయసు కనుక్కున్నవా, తమ్మీ?

మా సారు పేరు ఇక్కడ రాయడం లేదు. ముప్పై ఏళ్లు వార్తలు రాసి కూడా తన పేరు అచ్చులో చూసుకోవాలని ఒక్కసారీ ఆశపడని మనిషి ఆయన. వార్త మీద పేరు, అదే బైలైన్, వేస్తామని వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసినా, "వద్దు. నల్లగొండ ప్రతినిధి అని వెయ్యండి, సాలు" అనేవాడు. ఇప్పుడు నేను పేరు పెడితే పక్కన నిలబడి ఎర్రపెన్నుతో కొట్టేస్తాడేమోనని నాకింకా భయమే. అందుకని సారు అనే రాస్తాను.

1998 జూన్‌లో మొదటిసారి ఆయన దగ్గరికి పోయాను. అప్పుడే ఎన్‌జీ కాలేజీలో డిగ్రీ అయిపోయింది. మాది చండూరు దగ్గర ఊరు. మా మండలానికి కంట్రిబ్యూటర్ కావాలని ఒక దినపత్రికలో చిన్న ప్రకటన పడితే, గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉన్న ఆఫీసు మెట్లెక్కాను. కింద చెప్పుల షాపు, పైన పత్రిక ఆఫీసు. రెండు టేబుళ్లు, తాళం వేసిన ఫోను, గుడ్డ కప్పిన ఫ్యాక్స్ మిషను, మూలకు మట్టికుండ. గోడ పొడుగునా పాత పేపర్ల ఫైళ్లు.

నేను నిరుద్యోగం మీద నాలుగు పేజీల వ్యాసం రాసుకుని పోయాను. అది చదివితే ఆయన కుర్చీలోంచి లేచి నాకు చెయ్యి కలుపుతాడని బస్సులో వస్తున్నంతసేపూ ఊహించుకున్నాను. ఆయన దాన్ని చదవలేదు. పేజీలు తిరగేసి "దస్తూరి బాగుంది" అని పక్కన పెట్టి, టేబుల్ మీది ప్రెస్ నోట్ ఒకటి నా ముందుకు తోశాడు. ఏదో ఊరి మాజీ సర్పంచ్ తండ్రి చనిపోయాడు. "దీన్ని వార్త చెయ్యి" అన్నాడు.

అరగంట కష్టపడి ఇరవై రెండు లైన్లు రాశాను. 'మృత్యు ఒడిలోకి', 'తీరని లోటు', 'శోకసంద్రం', నాకు తెలిసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆయన చదివి ఒక్క మాట అడిగాడు.

"వయసు కనుక్కున్నవా, తమ్మీ?"

"నోట్‌లో లేదు సార్."

"నోట్‌ల లేకుంటే? ఆ ఊర్ల ఫోన్ లేదా?"

ఫోన్ తాళం తీసి ఇచ్చాడు. ఆ ఊరి కిరాణా షాపుకు చేస్తే, అవతలి మనిషి ఎవరినో కేకేసి అడిగి "డెబ్బై ఐదు ఉంటయి" అన్నాడు. నేను 75 అని రాశాను. "ఉంటయి అంటే ఉన్నయా? మళ్ల చెయ్" అన్నాడు సారు. మూడోసారి ఫోన్‌లో కొడుకే దొరికాడు. అసలు వయసు 81. ఇరవై రెండు లైన్లు ఎనిమిదయ్యాయి. పేరు, వయసు, ఎప్పుడు, ఎట్లా పోయాడు, ఎవరెవరున్నారు, అంత్యక్రియలు ఎక్కడ, ఎన్ని గంటలకు. అంతే.

"సచ్చిపోయినోడు పేపర్ల వచ్చేది ఒక్కటే సారి. పెండ్లికి రాలే, ఇల్లు కట్టుకుంటే రాలే. గీ ఒక్కసారన్న సక్కగ రావాలె" అన్నాడు. అది నాకు ఇంటర్వ్యూ అని, అందులో నేను పాసయ్యానని వారం తర్వాత గుర్తింపు కార్డు చేతికొచ్చినప్పుడు తెలిసింది.

కంట్రిబ్యూటర్ అంటే ఏంటో ఆ పని చేయనివాళ్లకు చెప్పడం కష్టం. ఉద్యోగం కాదు. జీతం లేదు. అప్పట్లో లైన్ అకౌంట్ ఉండేది. నెలాఖరుకు మన వార్తలన్నీ కత్తిరించి తెల్లకాగితాలకు అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపితే, లెక్కకట్టి ఇంత అని ఇచ్చేవారు. మొదటి నెల నాకు వచ్చినవి 212 రూపాయలు. అందులో బస్సు కిరాయిలకే నూటయాభై పోయాయి. మా అమ్మ ఆ డబ్బు చూసి ఏమీ అనలేదు కానీ, ఆ రోజు పక్కింటామెతో "మావోడు పేపర్ల పని నేర్చుకుంటుండు" అంది. చేస్తుండు అనలేదు.

వార్త పంపడం అప్పట్లో ఒక యుద్ధం. రాసిన కాగితాలు కవర్‌లో పెట్టి, పైన పత్రిక పేరు రాసి, సాయంత్రం నల్లగొండ పోయే బస్సు డ్రైవర్‌కు ఇవ్వాలి. ఆయన దాన్ని అద్దం ముందు పడేసుకుంటాడు. నల్లగొండ బస్టాండ్‌లో ఆఫీసు పిలగాడు పట్టుకుంటాడు. బస్సు లేటైతే వార్త లేటు, బ్రేక్‌డౌన్ అయితే వార్త పాయె. ఒకసారి వానకు నా కవరు తడిసి సిరా అంతా కారిపోతే, సారు ఆ కాగితాలను ఆఫీసు ఫ్యాన్ కింద ఆరబెట్టి, కనిపించిన అక్షరాలను బట్టి వార్త రాశాడు. కనిపించని అంకెలను మాత్రం ఊహించలేదు. మా ఊరి ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేసి నన్ను పిలిపించుకుని అడిగాడు. "కొట్టుకపోయిన చెరువు కట్ట ఎన్ని మీటర్లు?" రాత్రి తొమ్మిదింటికి, బురదలో పరుగెత్తుకుంటూ వచ్చి నేను చెప్పిన జవాబు ఆ వార్తలో ఒకే ఒక్క అంకె.

ఆయన దగ్గర మాకు క్లాసులేవీ ఉండేవి కావు. నెలకొకసారి కంట్రిబ్యూటర్ల మీటింగ్‌కు నల్లగొండ వచ్చినప్పుడు ఆఫీసులో ఒక మూలన కూర్చోబెట్టుకునేవాడు. మన కాపీ, అచ్చయిన వార్త పక్కపక్కన పెట్టి, ఎందుకు కొట్టేశాడో చెప్పేవాడు కాదు. "సూసుకో" అనేవాడు. ఓ అరగంట చూస్తే నాకే తెలిసేది. 'ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ' అన్నది ప్రతిసారీ ఎగిరిపోయేది. 'పెద్ద ఎత్తున' ఎగిరిపోయి, దాని స్థానంలో ప్రశ్నార్థకం ఉండేది. ఎంతమంది అని అర్థం. సభకు పోయి జనాన్ని లెక్కపెట్టే ఒక పద్ధతి కూడా ఆయనదే. ఒక వరుస కుర్చీలు లెక్కపెట్టు, వరుసలు లెక్కపెట్టు, ఖాళీవి తీసెయ్. నాయకుల అనుచరులు చెప్పిన అంకెకు, నా లెక్కకు మధ్య తేడా చూసి నవ్వుకోవడం ఇప్పటికీ నాకు అలవాటు.

బోర్డుల మీద, బస్సుల మీద, చివరికి సర్కారు కాగితాల మీద కూడా నల్గొండ అని ఉంటుంది కదా. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "నల్లని కొండ. ఒక 'ల' ఎటు పాయె?" అనేవాడు. పాత పేరు నీలగిరి. 1922లోనే ఈ ఊరినుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు 'నీలగిరి' పేరుతోనే పత్రిక నడిపారని, నిజాం రాజ్యంలో తెలుగులో పత్రిక అంటే మాటలు కాదని చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు మాత్రం గొంతులో కొంచెం గర్వం ఉండేది. మిగతా అప్పుడు చికాకే ఎక్కువ.

ఇంక నా తప్పు సంగతి. ఇది రాయకుండా దాటేద్దామని చూశాను, కుదరలేదు.

1999 జనవరిలో మా మండలంలో రోడ్డు ప్రమాదం జరిగింది. మోపెడ్ మీద పోతున్న అన్నదమ్ములను లారీ గుద్దింది. ఒకరు అక్కడికక్కడే పోయారు, ఒకరికి కాలు విరిగింది. బస్సుకు టైమవుతోంది. నేను స్పాట్‌కు పోలేదు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేస్తే అక్కడున్నాయన ఇద్దరి పేర్లు చెప్పాడు. ఎవరు పోయారు అంటే ఒక పేరు అన్నాడు, నేను రాసుకున్నాను. కవరు బస్సెక్కింది. తెల్లారి పేపర్లో అన్న చనిపోయాడని వచ్చింది. పోయింది తమ్ముడు.

అన్న అత్తగారిది మాకు ముప్పై కిలోమీటర్ల దూరం. ఆ ఊళ్లో పొద్దున్నే పేపరు చూసి, అన్న భార్య తల్లిదండ్రులు గుండెలు బాదుకుంటూ ట్రాక్టర్ కట్టుకుని వచ్చారు. వచ్చేసరికి అల్లుడు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. తమ్ముడి శవం వాకిట్లో ఉంది. వాళ్లు సంతోషపడాలా, ఏడవాలా?

సారు మొదటి బస్సుకే దిగాడు. నన్ను తిట్టలేదు. "నడువ్" అన్నాడు. ఆ ఇంటికి పోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. కొడతారని నాకు కాళ్లు వణుకుతున్నాయి. వాకిట్లో నిలబెట్టి, "తప్పు రాసింది ఈ పిలగాడే. మా పేపరు తరఫున నేనొచ్చిన. ఏమన్నా అనాలనుకుంటే అనుండ్రి" అన్నాడు. ఎవరూ కొట్టలేదు. చనిపోయిన పిల్లగాడి తల్లి మాత్రం నా వైపు చూసి, "పేపర్ల గూడ మావోని పేరు రాకపాయె గద బిడ్డా" అంది.

నేను చేసిన రెండో తప్పు అప్పుడు తెలిసింది. బతికున్నవాణ్ని చంపానని మాత్రమే నేను భయపడుతున్నాను. చచ్చిపోయినవాడి చావు కూడా రాయలేదు నేను.

సవరణ వేయడం అంత సులభం కాదు. "మండలం వార్తకు సవరణ ఏంటండీ, ఎవరు చూస్తారు" అని డెస్క్‌లో ఎవరో అన్నారట. సారు రెండు రోజులు ఫోన్‌లో కొట్లాడాడు. ఏ పేజీలో తప్పు పడిందో ఆ పేజీలోనే, మళ్లీ తమ్ముడి పేరు, వయసు, తల్లిదండ్రుల పేర్లతో వేయించాడు. 'పొరపాటుకు చింతిస్తున్నాం' అన్న ఒక్క లైనుతో సరిపెడతామంటే ఒప్పుకోలేదు. ఆ కటింగ్ నేను లైన్ అకౌంట్‌లో అంటించలేదు. నా దగ్గరే ఉంది.

ఆ తర్వాతి ఏడాది, 2000 మార్చి 7న, ఘట్‌కేసర్ దగ్గర నక్సలైట్లు మందుపాతర పేల్చి మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి గారిని చంపేశారు. మా జిల్లా మనిషి. ఆ రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. ఒకరు పోయాడంటారు, ఒకరు ఆస్పత్రిలో ఉన్నాడంటారు. సారు అందరికీ "ఎవరు చెప్పిన్రు? నువ్వు చూసినవా?" అనే అడుగుతున్నాడు. ఇద్దరు వేర్వేరు మనుషులు, తెలిసినవాళ్లు, చెప్పేదాకా పెన్ను పట్టలేదు. మధ్యలో ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకొక్కడికే తెలుసు.

ఫ్లోరైడ్ వార్త అదే ఏడాది వేసవిలో. నల్లగొండ జిల్లాలో విలేకరి అయినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆ వార్త రాయాల్సిందే. మర్రిగూడ మండలంలో ఒక ఊరికి పొమ్మన్నాడు. రెండు బస్సులు మారి పోయాను. వంకర కాళ్ల పిల్లలు, పచ్చబడిన పళ్లు, ఒళ్లు కట్టెసరుచుకుపోయి గోడకు ఆనుకున్న మనుషులు. అద్దెకు తీసుకున్న కెమెరాతో ఫొటోలు తీసుకుని, రాత్రంతా కూర్చుని రాశాను. 'పక్కనే కృష్ణమ్మ పరవళ్లు, ఇక్కడ కన్నీటి గుక్కలు' అని మొదలుపెట్టాను. నాకు అది భలే నచ్చింది.

సారు మొదట ఫొటో చూశాడు. ఒక ముసలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. చాలాసేపు చూసి, "నీడ కాళ్ల కిందనే ఉంది. పన్నెండు గంటలైందా?" అన్నాడు.

"అవును సార్. పన్నెండున్నర."

"మే నెల పన్నెండున్నరకు గీ అవ్వ ఎండల ఎందుకు కూసున్నది?"

నాకు మాట రాలేదు. ఫ్లాష్ పనిచేయలేదు. ఇంట్లో చీకటిగా ఉంటే, వాళ్ల మనవడు, నేను పట్టుకుని ఆమెను బయటికి తెచ్చాం. మెడ తిరగదు, నడుము వంగదు, ఆమెను ఎత్తుకునే రావాల్సి వచ్చింది. ఆ మాట చెప్పాను. ఆయన ఫొటో బోర్లించి పెట్టాడు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఊళ్లో బోరింగులు ఎన్ని? ఈ నీళ్లు తాగొద్దని ఎర్రరంగు వేసినవి ఎన్ని? రంగు వేసినంక కూడా ఆ నీళ్లు తాగుతున్నరా, ఎందుకు తాగుతున్నరు? మంచినీళ్లు ఎక్కడినుంచి వస్తయి, బిందెకు ఎంత తీసుకుంటున్నరు, కూలికి పోయే ఇల్లు రోజుకు ఎన్ని బిందెలు కొనగలదు? ల్యాబ్ రిపోర్టు చూసినవా? ఆ అవ్వ పేరేంది?

పేరు కూడా అడగలేదు నేను.

"రేపు ఫస్ట్ బస్సుకు మళ్ల పో. కెమెరా వద్దు."

ఈసారి రెండు రోజులున్నాను. ఆమె పేరు, వయసు అడిగాను. "పోయినేడు వచ్చిన సారు గూడ గిట్లనే బయట కూసోబెట్టి ఫొటో తీసిండు బిడ్డా. అంతకుముందేడు ఇంకో ఆయన" అంది. కోపంతో కాదు, వరుస చెబుతున్నట్టు చెప్పింది. వాళ్ల కోడలితో కలిసి నీళ్లకు పోయాను. ఒక బిందె నేను ఎత్తుకున్నాను, వాళ్లు నవ్వారు. ఎర్రరంగు బోరింగే ఇంటికి దగ్గర. రంగు లేని బోరింగు ఊరవతల, అది కూడా ఎండాకాలం సగం రోజు ఎండిపోతుంది. ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి అంత దూరం పోతుంది? వంటకు, తాగడానికి దగ్గరి నీళ్లే. రంగు కొట్టి పోయినవాళ్లు వేరే దారి చూపించి పోలేదు.

నల్లగొండకు తిరిగొచ్చి ల్యాబ్ చుట్టూ తిరిగాను. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని, నేల కింద గ్రానైట్ రాయిలోంచి అది నీటిలోకి దిగుతుందని, నీళ్లు లేవని బోరు ఇంకా లోతుకు వేస్తే చాలా చోట్ల అది ఇంకా పెరుగుతుందని, ఎముకలు ఒకసారి వంకర పోయాక మళ్లీ సరిచేసే మందు లేదని అక్కడే తెలుసుకున్నాను. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' సైంటిస్టులు తయారుచేసింది. జబ్బుకూ మా పేరే, మందుకూ మా పేరే, మా ఊళ్లకు మాత్రం ఆ మందు చేరలేదని రాశాను. ఆ వాక్యాన్ని సారు కొట్టేయలేదు. అంతకంటే పెద్ద మెప్పు నేను ఎరగను. కృష్ణమ్మ పరవళ్లు మాత్రం పోయాయి. ఫొటోలో అవ్వ లేదు, ఎర్రరంగు బోరింగు, పక్కన వరుసగా బిందెలు ఉన్నాయి.

ఆ వార్త వచ్చిన సాయంత్రం గడియారం దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ 1996 పార్లమెంటు ఎన్నికల సంగతి చెప్పాడు. తాగునీరు, సాగునీరు అని జలసాధన సమితి వాళ్లు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినకపోతే, జనం వరుసగా నామినేషన్లు వేశారు. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలే. మొత్తం 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు కాగితంలా కాదు, పుస్తకంలా తయారైంది. పోలింగ్ వాయిదా వేయాల్సొచ్చింది. చివరికి సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. ఆ తర్వాత పార్లమెంటు డిపాజిట్‌ను 10,000 చేశారు. ఇదంతా నాకూ తెలుసు, అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. నాకు తెలియనిది ఏంటంటే, సారు కూర్చుని ఆ 480 పేర్లూ ఎత్తి రాసి డెస్క్‌కు పంపాడట. వాళ్లు పార్టీల అభ్యర్థులవి ఉంచుకుని మిగతావి వదిలేశారు. ఆ కాగితాల నకలు ఆయన సొరుగులో ఉండేది. నాకు చూపించాడు. ఏడు ఠావులు, రెండు వైపులా. "ఏం చేస్తరు సార్ వీటితోని?" అంటే, "ఏం చెయ్య. ఉండనియ్" అన్నాడు.

ఆయన్ను దేవుణ్ని చేసి రాస్తే ఆయనే ఒప్పుకోడు కనుక ఇవి కూడా చెప్పాలి. కోపం ఎక్కువ. ఆఫీసు పిలగాణ్ని ఊరికే కసిరేవాడు. ప్రెస్ మీట్లలో బిర్యానీ పెడితే మొహమాటం లేకుండా తినేవాడు, "తిన్నది రేపటికి ఉండదు, రాసింది ఉంటది" అని తనకు తానే ఒక న్యాయం చెప్పుకునేవాడు. ప్యాడ్, పెన్ను ఇస్తే తీసుకునేవాడు. గోడగడియారం ఇస్తే తీసుకునేవాడు కాదు. ప్యాడ్‌కు, గడియారానికి మధ్య గీత ఎక్కడ గీశాడో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. యాడ్స్ టార్గెట్ విషయంలో కూడా మమ్మల్ని కాపాడలేదు. ఆగస్టు 15 వచ్చిందంటే, ఎవరి మీద వార్త రాశామో వాళ్ల దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం పోయి నిలబడాలి. అంతకంటే సిగ్గుచేటు పని నేను జీవితంలో చేయలేదు. సారుకు మొరపెట్టుకుంటే కిటికీలోంచి బయటికి చూశాడు, అంతే. ఆయన చేతిలో లేదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం పిరికివాడు అనుకున్నాను.

2002లో జీతం ఉండే స్టాఫర్ పోస్టులకు జిల్లానుంచి పేర్లు అడిగితే, ఆయన నా పేరు పంపలేదు. నాకంటే వెనక వచ్చినవాడి పేరు పోయింది. నాకు ఆ సంగతి వేరేవాళ్ల ద్వారా తెలిసింది. రెండు నెలలు ఆఫీసు మెట్లెక్కలేదు, కవర్లు మాత్రం పంపాను. ఆయన కూడా పిలవలేదు. చివరికి నేనే పరీక్ష రాసి హైదరాబాద్‌లో ఇంకో పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేరాను. పోయేముందు చెప్పడానికి వెళితే, లేచి సొరుగు తీసి ఎర్రపెన్ను ఒకటి చేతిలో పెట్టి, "అక్కడ వార్త రాసినోడు కనబడడు. ఫోన్ చేసి అడుగు" అన్నాడు. నా పేరు ఎందుకు పంపలేదో అడుగుదామని ఆ రోజు అనుకున్నాను, తర్వాత పదిహేనేళ్లూ అనుకున్నాను. అడగలేదు. కారణం నాకు ఇవాళ్టికీ తెలియదు.

2009లో ఆయన రిటైరయ్యాడు. పానగల్ వైపు చిన్న ఇల్లు. రిటైరైనా పేపరు ఎర్రపెన్నుతోనే చదివేవాడు. పొద్దున ఆరింటికి నా సెల్ మోగేది. "మీ మూడో పేజీల, 'ఇద్దరు దుర్మరణం' అని పెట్టిన్రు. కింద పేర్లు మూడున్నయి. సచ్చింది ఇద్దరా, ముగ్గురా?" డెస్క్‌లో రాత్రి రెండింటిదాకా పనిచేసి పడుకున్నవాడికి ఆరింటికి ఆ ఫోన్ ఎంత మంట పుట్టిస్తుందో చెప్పలేను. ఒకసారి ఫోన్ ఎత్తకుండా పక్కన పడేశాను కూడా.

2017 ఆగస్టులో ఒక పొద్దున ఆరింటికే ఫోన్ మోగింది. సారు నంబరే. ఎత్తితే ఆయన కొడుకు. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

బస్సులో ఉండగానే ఆ పాత పత్రిక జిల్లా విలేకరి, ఇరవై ఐదేళ్ల కుర్రాడు, ఎవరో నంబరిస్తే చేశాడు. "అన్నా, మీరు సారు దగ్గర పనిచేశారంట కదా. వార్త రాస్తున్నా. వయసెంత అన్నా?"

నార్కట్‌పల్లి దాటుతోంది బస్సు. నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ల పరిచయం. నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

"కనుక్కుని చెప్తా తమ్మీ" అన్నాను.

ఇంటికి పోయాక కొడుకును అడిగితే "డెబ్బై ఉంటయి అన్నా" అన్నాడు. ఉంటయి. బీరువాలో ఎస్సెస్సీ సర్టిఫికెట్ తీయించాను. అందులో 1951 జూలై 1. అది బడిలో పంతులు వేసిన తారీఖని చూడగానే తెలుస్తుంది, మా కాలం దాకా ఊళ్లలో సగం మంది జూన్, జూలైలోనే పుట్టేవాళ్లు. ఆ లెక్కన 66. ఆయన దాన్నిబట్టే రిటైరయ్యాడు. జనం మధ్యలో కూర్చుని ఏడుస్తున్న మేడం దగ్గరికి పోయి ఈ మాట అడగడానికి నోరు రాలేదు. అయినా అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుని కాసేపు ఆలోచించింది.

"మా అత్తమ్మ చెప్పేది. పోలీస్ యాక్షన్ల మిలిటరీ లారీలు వస్తున్నయంటే ఊరు ఊరంత చేన్లకు ఉరికిన్రట. అప్పుడు ఈయన కడుపుల ఉన్నడట."

బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి లెక్క వేశాను. నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17. అప్పటికి కడుపులో ఉన్నాడంటే, ఆ తర్వాత, 1949 జూన్ లోపల పుట్టి ఉండాలి. ఏ నెలలో పుట్టినా ఆ రోజుకు నిండినవి 68. ఇంకో రకంగా కూడా లెక్క వేసి చూశాను. 68. కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. "సర్టిఫికెట్‌లో 66 ఉందంట కదా అన్నా" అన్నాడు. అడిగినందుకు ముచ్చటేసింది. ఎట్లా లెక్క కట్టానో మొత్తం చెప్పాను.

తెల్లారి నాలుగో పేజీలో వచ్చింది. తొమ్మిది లైన్లు. అక్రెడిటేషన్ కార్డు మీది పాత ఫొటో. వయసు 68 అనే ఉంది. ఇంటిపేరులో మాత్రం ఒక అక్షరం తప్పు పడింది.

డెస్క్‌కు ఫోన్ చేశాను. ఎత్తినాయన, "ఇంటిపేరే కదండీ, జిల్లా పేజీ" అన్నాడు. ఆ రోజు మూడుసార్లు, మర్నాడు రెండుసార్లు చేశాను. మూడో రోజు సవరణ వేశారు, నాలుగో పేజీలోనే.